పిస్తోలు గొప్పదా, పట్టిన చేయి గొప్పదా?

గాండీవం చేతిలో ఉండగానే అర్జునుడు ఓడిపోయిన ఘట్టం భారతంలో ఒకటుంది. మౌసలపర్వంలో, యాదవస్త్రీలను వెంటబెట్టుకొని వస్తూ దొంగలకు ఎదురుపడినప్పుడు, ఆ వింటిని ఎక్కుపెట్టడమే అతనికి కష్టమయింది. విల్లు అదే, చేయి మారింది. పిస్తోలుతో గురి చూసి కాల్చే క్రీడాచరిత్ర చదువుతున్నంతసేపూ నాకీ ఘట్టమే స్ఫురణకు వచ్చింది.

అది చదవడానికొక కారణముంది. మా తాటిపాకలో నా పూర్వవిద్యార్థి ఒకడు, తన కూతురు షూటింగు నేర్చుకుంటానంటోందనీ, ఖరీదైన పిస్తోలు కొనిపెడితే గురి కుదురుతుందా అనీ అడిగాడు. అవసరమైతే కొబ్బరితోట మీద అప్పు తెస్తాడట!

కోనసీమలో పెరిగినవారికి వడిసెల కొత్త కాదు. అందులో రాయీ తాడూ తప్ప ఏముంది? నేర్పంతా విసిరేవాడిదే. పిస్తోలు సంగతి వేరు. దాని వెనుకనున్న గాడిలోంచి ముందున్న మొనను చూసి గురిపెడతారు. పోటీలలో వాడే గాలి పిస్తోలులో ఈ రెంటి నడుమ దూరం 32 సెంటీమీటర్లనుకుందాం. మొన ఒక్క మిల్లీమీటరు పక్కకు ఒరిగితే, 10 మీటర్ల అవతల గుండు 3 సెంటీమీటర్లు తప్పుతుంది. పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే కనుక పది రావలసిన చోట ఏడు వస్తుంది. ఆ నడిమి దూరం సగమే ఉన్న పొట్టి పిస్తోలులో ఈ తప్పు రెట్టింపవుతుంది. కనుక ఆయుధం ఎంపిక తేలికగా తీసుకోదగినది కాదు.

అయితే ఇందులోనే ఇంకొక రహస్యముంది. గాడీ మొనా ఒక వరుసలో నిలిచి, చేయి మొత్తం 3 మిల్లీమీటర్లు పక్కకు జరిగినా, గుండు కూడా 3 మిల్లీమీటర్లే జరుగుతుంది, పది పోదు. ట్రిగ్గరు నొక్కేటప్పుడు మణికట్టు రవంత వంగితే మాత్రం పోతుంది. ఆ వంపును ఏ ఖరీదైన పిస్తోలూ సరిదిద్దలేదు. అందుకే మేటి క్రీడాకారులు సైతం గుండు వేయకుండా ట్రిగ్గరు నొక్కడాన్ని నిత్యం అభ్యసిస్తారు.

ఆయుధబలంతో ఆధిక్యం సంపాదించే ప్రయత్నాలూ జరిగాయి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సుకు సోవియట్లు తలకిందులు చేసినట్టుండే పిస్తోలు ఒకటి తెచ్చారు. గొట్టం కిందికి ఉండడంతో పేలినప్పుడు మూతి పైకి లేచేది కాదు. తరువాత నిబంధనలు మార్చి దాన్ని నిషేధించారు. నేడు 10 మీటర్ల పోటీలో పిస్తోలు బరువు 1500 గ్రాములు మించకూడదు, ట్రిగ్గరు బరువు 500 గ్రాములకు తగ్గకూడదు. ఆయుధాలను ఇలా ఒక కట్టడిలోకి తెచ్చాక, మిగిలే తేడాలో పెద్దపాలు మనిషిదే.

మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్ల వయసులో, జాతీయ పోటీల్లో తనకంటే పెద్దవారిని ఓడించింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆయుధం మొరాయిస్తే ఏమవుతుందో మను భాకర్ చరిత్ర చెబుతుంది. 2021లో టోక్యోలో పిస్తోలు పాడై సమయం పోగొట్టుకొని, రెండు పాయింట్ల తేడాతో ఫైనలుకు దూరమయింది. 2024లో పారిస్‌లో ఆ పోటీలోనే కాంస్యం గెలిచింది. పిస్తోలు నమ్మదగినదై ఉండాలి; అంతకు మించిన భారం దానిపై మోపరాదు.

అందుకే నా శిష్యునికి అప్పు వద్దన్నాను. శిక్షణకేంద్రంలోని పిస్తోలుతో అమ్మాయిని ఒక ఏడాది సాధన చేయనిమ్మన్నాను. చేతికి ఏ పిడి నప్పుతుందో అప్పటికి ఆమెకే తెలుస్తుంది.

హంగరీ సైనికుడు కారొయ్ తాకాచ్ కుడిచేతి పిస్తోలు వీరుడు. 1938లో గ్రెనేడు పేలి ఆ చేయి పోయింది. ఎడమచేతితో సాధన మొదలుపెట్టాడు. 1948 లండన్ ఒలింపిక్సులో 580 పాయింట్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు, 1952లో హెల్సింకీలో మళ్లీ గెలిచాడు. పోయిన చేతితో నేర్పు పోలేదంటే, అది అంతవరకూ ఎక్కడ దాగి ఉన్నట్టు? చదువరులు ఆలోచించగలరు.