బీపీటీ గింజ, ఎండాకు తెగులు, మూడు జన్యువులు

తెలుగు ఇళ్లలో సన్నబియ్యం అంటే మూడు నాలుగు దశాబ్దాలుగా ముందు గుర్తొచ్చేది బీపీటీ. బాపట్ల పరిశోధన స్థానంలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204కు కాగితం మీది పేరు సాంబ మసూరి. రైతు నోటా మిల్లరు నోటా మాత్రం ఆ మూడక్షరాలే. దాని వంశంలో కోయంబత్తూరులో పేరు తెచ్చుకున్న పాత సన్న రకం జీఈబీ 24 ఉంది, తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1 ఉంది, మలేషియా మసూరి ఉంది. సన్నగింజ, దిగుబడి, పడిపోని కాడ అన్నీ కుదిరాయి. ఎండాకు తెగులును తట్టుకునే శక్తి ఒక్కటే రాలేదు. రాకపోవడంలో వింత లేదు. తైచుంగ్ నేటివ్ 1 ఆ తెగులుకు ఎంత సులువుగా లొంగుతుందంటే, పరిశోధన మడుల్లో తెగులు సోకిందో లేదో తెలుసుకోవడానికి దాన్నే పక్కన నాటుతారు. కావాల్సిన జన్యువున్న మొక్కను ఏరిపెట్టే డీఎన్ఏ మార్కర్ల చరిత్రను ప్రయోగశాల విజయగాథగా చెప్పడం పరిపాటి. సాంబ మసూరి విషయంలో ఆ కథ ప్రయోగశాలలో మొదలు కాలేదని నా వాదన. తినేవాళ్లూ కొనేవాళ్లూ ఒక గింజను వదులుకోం అన్నారు కాబట్టే మార్కర్ల అవసరం పడింది.

ఎండాకు తెగులు బ్యాక్టీరియా వల్ల వస్తుంది. ఆకు కొసన మొదలై అంచుల వెంట అలల్లా పసుపు గీత కిందికి దిగుతుంది, తర్వాత ఆకు గడ్డిలా ఎండిపోతుంది. జపాన్‌లో దీన్ని 1884లోనే గుర్తించారు. మన దేశంలో దీని దెబ్బ గట్టిగా తెలిసింది 1963లో, బీహార్‌లోని షాహాబాద్ ప్రాంతంలో. ఆ తర్వాత పొట్టి రకాలు, వాటి వెంట యూరియా వచ్చాయి. నత్రజని ఎక్కువైన చేలో ఈ తెగులు రెచ్చిపోతుంది, గాలివానకు చేను నుంచి చేనుకు పాకుతుంది. అగ్గితెగులుకైతే మందు కొట్టి కొంత నిలువరించవచ్చు. దీనికి నమ్మదగిన మందు లేదు. తెగులు కనిపించగానే పైపాటు యూరియా ఆపమనడమే సలహాల్లో ముఖ్యమైనది. ఇక మిగిలింది మొక్కలోనే నిరోధక శక్తి ఉండటం. అలాంటి రకాలు లేకపోలేదు. 1992లో వచ్చిన అజయ ఎండాకు తెగులును తట్టుకునేదే. అయినా సాంబ మసూరి వేసే రైతు దాని వైపు మళ్లలేదు. ఇది రైతు మొండితనం అనుకుంటే పొరపాటు. మార్కెట్లో ధర పలికేది తెగులు తట్టుకున్నందుకు కాదు, గింజ సన్నదనానికీ అన్నం తీరుకూ.

కాబట్టి శాస్త్రవేత్తల ముందున్న పని కొత్త రకం తయారు చేయడం కాదు, పాత రకాన్ని చెడగొట్టకుండా దానికి నిరోధక శక్తిని చేర్చడం. అందుకు దారి పాతదే. నిరోధక మొక్కతో ఒకసారి సంకరం చేసి, వచ్చిన సంతతిని తరం తరం మళ్లీ సాంబ మసూరితోనే కలుపుతూ పోవాలి. ప్రతి తరంలోనూ దాత వాటా సగానికి సగం తగ్గుతుంది. చిక్కు వేరే చోట ఉంది. వాడదలచిన మూడు జన్యువుల్లో ఎక్స్ఏ 5, ఎక్స్ఏ 13 అంతర్గతమైనవి, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తే తప్ప పనిచేయవు. సాంబ మసూరితో కలిపిన ప్రతిసారీ ఒక్క ప్రతే మిగులుతుంది. మొక్కలో జన్యువు ఉంటుంది గానీ తెగులు తట్టుకోదు. మూడోదైన ఎక్స్ఏ 21 ఒక్క ప్రతితోనే బహిర్గతమవుతుంది, పైగా మిగతా రెండూ ఉన్నాయో లేవో తెలియకుండా కప్పేస్తుంది. పాత పరీక్ష ఏమిటంటే, బ్యాక్టీరియా నీళ్లలో ముంచిన కత్తెరతో ఆకు కొసలు కత్తిరించి, రెండు వారాలు ఆగి మచ్చ పొడవు కొలవడం. మచ్చ పొట్టిగా ఉంటే ఆ మొక్కలో ఉన్నది ఒక జన్యువా, మూడా? కత్తెర చెప్పలేదు. నారు దశలో చిన్న ఆకుముక్క తీసి ఆ జన్యువుల పక్కనున్న డీఎన్ఏ గుర్తుల్ని, అంటే మార్కర్లను, పరీక్షిస్తే తెలిసిపోతుంది. తిరిగి కలిపిన సంతతిలో మూడూ ఉన్నవి సగటున ఎనిమిదింట ఒకటి. చివర్లో ఆత్మపరాగం చేసినప్పుడు మూడూ జంట ప్రతులుగా స్థిరపడేవి 64లో ఒకటి. ఆ ఒక్కదాన్ని కళ్లతో చూసి పట్టడం అయ్యే పని కాదు.

ఆ జన్యువులు హైదరాబాద్ చేరిన దారీ చిన్నది కాదు. ఎక్స్ఏ 21 ఆఫ్రికాలోని మాలి నుంచి సేకరించిన అడవి వరిది. దాని నిరోధక శక్తిని కటక్ పరిశోధకులు గమనించారు, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దాన్ని సాగు వరిలోకి తెచ్చింది. మిగతా రెండూ మన ఉపఖండపు పాత రకాలవే. మూడింటినీ లూథియానాలో పీఆర్ 106 అనే పంజాబ్ రకంలో పేర్చారు. అక్కడి నుంచి వచ్చిన ఎస్ఎస్ 1113ను దాతగా తీసుకుని రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) కలిసి నాలుగుసార్లు సాంబ మసూరితో కలిపాయి. జన్యువులున్న మొక్కల్లోనూ సాంబ మసూరి వాటా ఎక్కువున్నవాటిని ఏరడానికి వేరే మార్కర్లు వాడారు. నా దృష్టిలో అసలు నేర్పు ఇక్కడే ఉంది. 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి, అంటే ఆర్‌పీ బయో 226, గింజలోనూ వంటలోనూ సాంబ మసూరిలాగే ఉంది. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ 51 దగ్గర ఉందని తర్వాత తేలింది. ఆ గుణం కోసం ఎవరూ వెతకలేదు, అది అదృష్టం.

ఇది జన్యుమార్పిడి పంటే కదా అనేవారున్నారు. కాదు. ఎక్స్ఏ 21ను 1995లో అమెరికాలో విడదీసిన మాట నిజమే, దాన్ని ప్రయోగశాలలో నేరుగా వరిలోకి చొప్పించినవారూ ఉన్నారు. ఇక్కడ జరిగింది పుప్పొడి దులపడమే. మార్కరు మొక్కలోకి వెళ్లదు, ఏ మొక్కను ఉంచాలో మాత్రం చెబుతుంది. మార్కర్లు లేకపోయినా ఈ పని అయ్యేదన్న రెండో ఆక్షేపణకు బలం ఎక్కువ. ఒక్క బహిర్గత జన్యువైతే అయ్యేదే. కానీ ఒక్క జన్యువు మీద ఆధారపడితే బ్యాక్టీరియా మారి దాన్ని దాటేస్తుంది. మూడింటినీ ఒకేసారి దాటడం కష్టం, అసాధ్యమని మాత్రం అనలేం. మూడోది, సమాధానం చెప్పడం కష్టమైనది: ఇంత మంచిదైతే పాత బీపీటీ ఇంకా చేలల్లో ఎందుకుంది? తెగులు రాని ఏడాది రెండింటికీ తేడా కనపడదు. దోమపోటు, అగ్గితెగులు కొత్త రకాన్నీ వదలవు. రైతుకు చేనంతా ఒక్కటే, ఒక తెగులు పోయినంత మాత్రాన మిగతావి ఆగవు. పాత రకాన్నే మార్కర్లతో సరిదిద్దిన కథ ఇదొక్కటే కాదు. పటాన్‌చెరు ఇక్రిశాట్ సాయంతో 2005లో హరియాణాకు వెళ్లిన సజ్జ హెచ్‌హెచ్‌బీ 67 ఇంప్రూవ్డ్ కూడా ఇలాంటిదే. రైతులు అలవాటు పడిన సంకర రకాన్ని మార్చకుండా, వెర్రికంకి తెగులు నుంచి మార్కర్లతో కాపాడారు. సజ్జ రైతు మాత్రం ఆ విత్తనం ఏటా కొనాలి. ఆర్‌పీ బయో 226 సంకర విత్తనం కాదు. వేరే రకాలు కలవకుండా చూసుకుంటే, పండిన గింజనే మరుసటి ఏడాదికి విత్తనంగా దాచుకోవచ్చు.