పొయ్యి మారిన ప్రతిసారీ

కొత్తింట్లో పాలు పొంగించే తంతు ఎంతోసేపు పట్టదు. గిన్నెకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పొంగిన పాలలో గుప్పెడు బియ్యం, ఇంత బెల్లం వేసి పరమాన్నం దించితే అయిపోయినట్టే. వచ్చిన చుట్టాలు భోంచేసి వెళ్ళిపోతారు. అసలు చిక్కు మర్నాడు మొదలవుతుంది. పాతింట్లో పొద్దున పొయ్యెక్కించి చేనికి పోతే తిరిగొచ్చేసరికి ఉడికి ఉండే ఉలవలు ఇక్కడ ఎక్కడ ఉడకాలి? పాలు ఎక్కడ కాగాలి? కడప జిల్లాలో సింహాద్రిపురం, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల పల్లెల్లో నిదానపు వంట చరిత్ర చాలావరకు పొయ్యి చరిత్రే. ఇల్లు మారినప్పుడల్లా పొయ్యి మారింది. పొయ్యితో పాటు కూడూ మారింది.

ఈ నేల మీద ఉలవలకు వయసు ఎక్కువ. జమ్మలమడుగుకు దగ్గరలోని పెద్దముడియంతో సహా దక్షిణ దక్కను నవీన శిలాయుగపు ఊళ్ళ మట్టిని జల్లెడ పట్టిన పురావస్తు శాస్త్రవేత్తలకు మాడిన ఉలవలు, పెసలు, అండుకొర్రల గింజలు దొరికాయి. నాలుగు వేల ఏళ్ళ నాటి మాట ఇది. ఉలవ తొందరగా లొంగే గింజ కాదు. నానబెట్టాలి, గంటల తరబడి ఉడకబెట్టాలి, అప్పుడే కడుపుకు పడుతుంది. కాబట్టి నిదానపు వంట మొదట అవసరంగా పుట్టింది. రుచి తర్వాత వచ్చి చేరింది.

ఆ అవసరానికి తగ్గట్టే పొయ్యీ కుదిరింది. మంట మండే పొయ్యికి పక్కనే పొంత ఉండేది. పొయ్యిలో మిగిలిన వేడి అక్కడికి చేరి, పొంతకుండలో నీళ్ళు కాగేవి, లేదంటే పప్పు మెత్తబడేది. దానికోసం విడిగా ఒక్క పుల్ల కూడా ఖర్చు కాదు. పాలకు దాలి. నేలలో గుంట తీసి పిడకలు పేర్చి, కణకణమనే సెగ మీద పాలకుండ దించితే సాయంత్రం దాకా కాగుతూనే ఉండేవి. పాలు ఎర్రబడి, రొట్టె మందాన మీగడ కట్టేది. ఫ్రిజ్ లేని రోజుల్లో, కడప ఎండలకు పాలు విరగకుండా నిలబెట్టే ఉపాయం అదే. పెరట్లో ఇంకో పెద్ద పొయ్యి మీద కాడెద్దులకు ఉలవలు ఉడికేవి. గుగ్గిళ్ళు ఎద్దులకు పెట్టి, వంచిన కట్టును చింతపండు, ఎండుమిరపకాయలతో కాచి మనుషులు పోసుకునేవాళ్ళు. ఇప్పుడు పెళ్ళి విందుల్లో మీగడ వేసుకుని గొప్పగా తినే ఉలవచారు పుట్టింది గొడ్ల కొట్టం పక్కన అన్నమాట.

సంగటి దీనికి కొంచెం వేరు. ఉడుకుతున్న ఎసట్లో రాగిపిండి గుట్టగా పోసి, కలపకుండా మూత పెట్టి సన్నసెగ మీద మగ్గనివ్వాలి. పిండి ఆవిరికి ఉడికాక కట్టెతో గెలకాలి. ముందే గెలికితే ఉండ కడుతుంది, ఆలస్యమైతే అడుగంటుతుంది. ఎప్పుడు గెలకాలో జేజి గడియారం చూడకుండానే చెప్పేది. ముద్ద చేసి ఊరిబిండితోనో పుంటికూర పప్పుతోనో పెడితే మళ్ళీ సాయంత్రం దాకా ఆకలి మాట ఉండదు.

నిప్పు అంత సులువుగా దొరికేది కాదన్న సంగతి శ్రీకృష్ణదేవరాయలకూ తెలుసు. ఆముక్తమాల్యదలో వానాకాలాన్ని వర్ణిస్తూ, ఇల్లిల్లూ తిరిగి కాస్త నిప్పు తెచ్చుకుని, తడిసిన వంటచెరుకుతో కుస్తీ పడే ఇల్లాలి పాట్లు చెప్పాడాయన. ఒక చక్రవర్తి వంటింటి పొగను అంత దగ్గరగా చూడడం విశేషమే. కొత్త ఇంటికి ఇరుగుపొరుగు ఇచ్చే మొదటి సాయం నిప్పే అయి ఉంటుందని ఆ వర్ణన చదివితే అనిపిస్తుంది.

ఇక కట్టెల సంగతి. 1876-78 మధ్య ధాత కరువు రాయలసీమను ఊడ్చేసింది. గింజే లేనప్పుడు పొయ్యి మాట ఎవరు తలుస్తారు? విచిత్రంగా, ఆ కరువు కాలంలోనే, 1877లో, ఇదే జిల్లా కమలాపురంలో విదేశీ విత్తనాలతో ఒక ముళ్ళచెట్టును నాటారు. అదే సర్కారు తుమ్మ. భారతదేశంలో అది మొదట అడుగు పెట్టింది అక్కడే. చేలను, చెరువులను కమ్మేసిందని రైతులు దాన్ని తిట్టని రోజు లేదు. అయినా తరతరాల సీమ వంట దాని కంప మీదే ఉడికింది. బాగా మండుతుంది, నిప్పు నిలుస్తుంది, డబ్బు పెట్టి కొనక్కర్లేదు. తిట్టుకుంటూనే మోపులు కట్టి తెచ్చుకున్నారు.

పొగను మాత్రం ఎవరూ ఇష్టపడలేదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు పొగ గొట్టం ఉన్న మట్టి పొయ్యిని రూపొందించి, 1953లో దాని మీద ఒక పుస్తకమే రాశారు. ఒకే మంట మీద వరుసగా రెండు మూడు గిన్నెలు కాగేలా చేసిన ఏర్పాటు అది. మన పొంతనే శాస్త్రం తెలిసిన చేత్తో సరిదిద్దడమని దాన్ని అనుకోవచ్చు. 1980లలో కేంద్ర ప్రభుత్వం పొగలేని పొయ్యిలను దేశమంతా పంచింది. మట్టితో మెత్తి, ఇంటికి తగ్గట్టు సరిచేసుకోవాల్సిన వస్తువును లెక్క కోసం పంచితే నిలవదు. 2002లో ఆ పథకం ఆగిపోయింది.

కాలాన్ని కుదించింది ప్రెషర్ కుక్కరు. 1959 ప్రాంతంలో హాకిన్స్, ప్రెస్టీజ్ కుక్కర్లు మన దేశపు అంగళ్ళకు వచ్చాయి. మూత బిగించిన గిన్నెలో ఆవిరి ఒత్తిడికి వేడి 120 డిగ్రీల దాకా పోతుంది. పూట పట్టే ఉలవలు అరగంటలో మెత్తబడతాయి. అంతకు చాలా ముందే, 1910లో, కలకత్తాకు చెందిన ఇందుమాధవ్ మల్లిక్ బొగ్గుల సెగతో ఆవిరి మీద నిదానంగా వండే ఇక్మిక్ కుక్కరు తయారుచేశాడు. అన్నం, పప్పు, కూర గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి పనికి పోవచ్చు. కొత్త ఊళ్ళో ఒంటరిగా గది తీసుకున్న ఉద్యోగికి అంతకన్నా ఏం కావాలి?

పల్లెలో అసలు మార్పు మాత్రం మూడు వైపుల నుంచి వచ్చింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చాక జొన్న సంగటి, కొర్రన్నం రోజువారీ కంచం నుంచి మెల్లగా తప్పుకున్నాయి. ట్రాక్టర్లు వచ్చి కాడెద్దులు తగ్గాయి, ఎద్దులతో పాటే ఉలవల కుండా పోయింది. 1999లో దీపం పథకం కింద పొదుపు సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు అందడం మొదలయ్యాక పొయ్యి పెరటి నుంచి గట్టు మీదికెక్కింది. ఈ మార్పులను ఏడుపు మొహంతో చెప్పుకోవాల్సిన పనిలేదు. పొగలో కళ్ళు పోగొట్టుకున్న ఆడవాళ్ళను అడిగితే సిలిండరు విలువ చెబుతారు. కాకపోతే గ్యాస్ మీద దాలిపాలు కాచాలంటే సిలిండరు ఖర్చు భయపెడుతుంది. నిదానం ఉచితంగా దొరికిన రోజులు పోయాయి.

ఇళ్ళు మూకుమ్మడిగా మారిన కథ గండికోట జలాశయానిది. పెన్న మీద కట్టిన ఆ జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. నీళ్ళు వస్తే సీమకు మేలే. ఆ మేలు కోసం కొండాపురం మండలంలోని ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 2020 సెప్టెంబరులో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు ఇళ్ళలోకి నీళ్ళు చేరాయి, గడువు కోసం, పరిహారం కోసం జనం ఆందోళనకు దిగారు. పరిహారం లెక్కల్లో ఇల్లు, పొలం, చెట్టు ఉంటాయి. పొంత, దాలి ఏ జాబితాలోనూ ఉండవు.

కొత్త ఊళ్ళో ఇంకో ఇబ్బంది నీళ్ళతో వస్తుంది. ‘ఈ నీళ్ళకు పప్పు ఉడకదు’ అని కాపురానికి వచ్చిన కోడళ్ళు ఎప్పటి నుంచో అంటున్నదే. అది వంకలు పెట్టడం కాదు. బోరునీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువైతే అవి గింజలోని పెక్టిన్‌ను బిగిస్తాయి, పప్పు పలుకుగానే ఉండిపోతుంది. ఏటి చెలమ నీళ్ళకు అలవాటుపడిన చెయ్యి బోరునీళ్ళ దగ్గర తడబడుతుంది. అందుకే చిటికెడు సోడా ఉప్పు, రాత్రంతా నానబెట్టడం, ఇప్పుడైతే క్యాను నీళ్ళు.

సముద్రం దాటినవాళ్ళ వంటింట్లో కథ మలుపు తిరిగింది. కడప జిల్లా నుంచి కువైట్‌కు వెళ్ళి, నలుగురైదుగురు కలిసి ఒక గదిలో ఉండేవాళ్ళకు సెలవురోజున కలిసి వండుకునే సంగటే పండగ. అమెరికాలో చేరిన తెలుగిళ్ళలో ఇన్‌స్టంట్ పాట్ మామూలైపోయింది. 2010లో కెనడాలో పుట్టిన ఆ యంత్రం ప్రెషర్ కుక్కరు పనీ చేస్తుంది, నిదానపు పొయ్యి పనీ చేస్తుంది. దానికి ముందుతరం క్రాక్ పాట్, 1971లో ఆ పేరుతో అమ్మకానికి వచ్చింది. దాని మూలం ఇర్వింగ్ నాక్సన్ 1940లో పేటెంటు పొందిన ఉడికించే పాత్ర. లిథువేనియా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం వాళ్ళది. సబ్బాతు నాడు నిప్పు ముట్టించరు కాబట్టి ముందురోజు సాయంత్రమే బేకరీ పొయ్యిలో పెట్టి రాత్రంతా ఉడికించే చోలెంట్ అనే వంటకం గురించి తల్లి చెప్పిన మాటలే ఆ యంత్రానికి ప్రేరణ. ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు కనిపెట్టిన పాత్ర మరోచోటు నుంచి ఇల్లు వదిలి వచ్చినవాళ్ళకు ఉలవలు ఉడికించి పెడుతోంది.

సొంతూళ్ళో ఉన్నవాళ్ళకే నిదానపు వంటకు చోటు తగ్గుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన ఇళ్ళ పథకంలో పల్లెల్లో ఇచ్చిన స్థలం సెంటున్నర, ఇల్లు 340 చదరపు అడుగులు. అందులో పడక, స్నానాల గది, వంటగట్టు ఉన్నాయి, పెరటి పొయ్యి లేదు. ఊళ్ళకు ఊళ్ళను తరలించేటప్పుడైనా, కాలనీలకు పటాలు గీసేటప్పుడైనా ఇంటి వెనక గోడ వారగా నాలుగడుగుల నీడ వదలమని అధికారులను అడగాలి. సిమెంటు ఖర్చు కూడా లేని ఈ కోరికను ఇళ్ళకు దరఖాస్తు పెట్టుకునేవాళ్ళే మొదటి గ్రామసభలోనే రాయించుకోవడం మంచిది.