ఆఫ్టర్ షేవ్ వాసన వెనక నూట నలభై ఏళ్లు: కస్తూరి నుంచి థాలేట్ల దాకా

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది "ఈసారి యుద్ధాలు కాకుండా ఇంట్లో వస్తువుల చరిత్ర చెప్పన్నా" అని అడిగారు. సరే. ఈ రోజు మన బాత్రూమ్ అద్దం ముందున్న అర నుంచే మొదలుపెడదాం.

దీనికి కారణం కొంచెం పర్సనల్. పెళ్లయి మూడేళ్లు దాటింది. ఇంట్లో పెద్దవాళ్లు అడగాల్సింది అడుగుతూనే ఉన్నారు. మొన్న నేనూ, నా వైఫూ కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లాం. నా రిపోర్ట్ చూసి డాక్టర్ గారు చాలా ప్రశ్నలు వేశారు. సిగరెట్, నిద్ర, బరువు, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంటారా... చివర్లో, పెన్ను మూసేస్తూ, "ఒంటికి రోజూ ఏమేం రాసుకుంటారో ఓసారి లిస్ట్ రాయండి" అన్నారు. రిపోర్ట్‌లో ఏముందో ఇక్కడ చెప్పను, అది మా ఇద్దరి విషయం. కానీ లిస్ట్ రాశాను. డియో, ఆఫ్టర్ షేవ్, హెయిర్ జెల్, బాడీ లోషన్, ఆఫీసుకి వెళ్లేటప్పుడు పెర్ఫ్యూమ్. మొత్తం ఐదు. అంతకుముందు ఎవరైనా అడిగితే "నేనేం రాసుకోను బ్రో, సబ్బు తప్ప" అనేవాడిని.

మా నాన్న లిస్ట్ చాలా చిన్నది. సబ్బు నురగ, బ్లేడు, చివర్లో తడిపిన పటిక ముక్క. గాటు పడితే రక్తం ఆగుతుంది, చర్మం బిగుస్తుంది, అంతే. పటికకి వాసన ఉండదు. మరి మగవాడి మొహానికి ఈ "సెలూన్ వాసన" ఎప్పుడు అంటుకుంది?

1868కి వెళ్దాం. ఇంగ్లండ్‌లో విలియం పెర్కిన్ అనే కెమిస్ట్ ఉన్నాడు. తారు నుంచి ఊదా రంగు చేసి అప్పటికే పేరు తెచ్చుకున్నవాడు. ఆయన కుమారిన్ అనే పదార్థాన్ని ల్యాబ్‌లో తయారుచేశాడు. టోంకా అనే గింజలో సహజంగా ఉండే వాసన అది. కోసి ఎండబెట్టిన పచ్చగడ్డి వాసన అనుకోండి. 1882లో పారిస్‌లో హూబిగాన్ కంపెనీ దాన్ని వాడి 'ఫుజేర్ రొయాల్' అనే సెంటు తెచ్చింది. ఫుజేర్ అంటే ఫ్రెంచిలో ఫెర్న్ మొక్క. తమాషా ఏంటంటే ఫెర్న్‌కి చెప్పుకోదగ్గ వాసనే లేదు! లేని వాసనకి పేరు పెట్టి అమ్మారు. కానీ ఆ ఫార్ములా, అంటే లావెండర్, నాచు, కుమారిన్ కలిపిన వాసన, తర్వాత వందేళ్లు "మగవాళ్ల వాసన" అయిపోయింది. ఇవాళ మీరు సెలూన్‌లో కుర్చీ ఎక్కగానే వచ్చే వాసన చాలావరకు ఆ కుటుంబానిదే.

రెండో కథ నాకు ఇంకా ఇష్టం. కస్తూరి మనకి కొత్త కాదు. హిమాలయాల్లో తిరిగే కస్తూరి మృగం, అందులోనూ మగదాని పొట్ట కింద ఉండే గ్రంథి నుంచి వచ్చేది. దాని కోసం జింకల్ని చంపాలి, కాబట్టి బంగారం ధర. 1888లో ఆల్బర్ట్ బౌర్ అనే జర్మన్ కెమిస్ట్ పేలుడు పదార్థాల మీద పనిచేస్తున్నాడు. టీఎన్‌టీ లాంటిది ఇంకా బాగా చేద్దామని ప్రయత్నిస్తుంటే వచ్చిన పదార్థం కస్తూరి వాసన కొట్టింది. బాంబు చేయబోతే సెంటు వచ్చిందన్నమాట! దాని పేరే మస్క్ బౌర్. ఆ తర్వాత అదే కుటుంబంలో మస్క్ కీటోన్, మస్క్ జైలీన్, మస్క్ ఆంబ్రెట్ వచ్చాయి. ఆంబ్రెట్ అనేది మన కస్తూరి బెండ గింజల ఫ్రెంచి పేరు. గింజకీ ఈ కెమికల్‌కీ సంబంధం పేరు వరకే. చవక, ఘాటు, గంటలకొద్దీ నిలుస్తుంది. సబ్బుల్లో, సెంట్లలో, ఆఫ్టర్ షేవ్‌లలో వేసేశారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. వీటిలో దేన్నీ మనిషి చర్మం మీద ఏళ్ల తరబడి పరీక్షించి అమ్మలేదు. అమ్మారు, అదే పరీక్ష అయింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో "ప్రొడక్షన్‌లో టెస్ట్ చేయడం" అంటాం, అలా చేస్తే మేనేజర్ ఉద్యోగం పీకేస్తాడు.

1979లో అమెరికా చర్మ వైద్యులు ఒక విచిత్రం గురించి రాశారు. మొహం మీద, మెడ మీద ఎర్రగా, దురదతో దద్దుర్లు, ఎండలోకి వెళ్తే ఎక్కువయ్యేవి. రోగులు ఎక్కువగా మగవాళ్లు. వెతికితే దొరికింది మస్క్ ఆంబ్రెట్. ఎండ తగిలితేనే అది చర్మంలో అలర్జీ రేపుతుంది. ఆడవాళ్లు సెంటు చెవి వెనకో, మణికట్టు మీదో ఒక చుక్క రాసుకుంటారు. మగవాళ్లు? అరచేతిలో పోసుకుని, అప్పుడే గీసిన మొహానికి చప్పట్లు కొట్టినట్టు పూసుకుని, తిన్నగా ఎండలోకి వెళ్తారు. అందుకే వాళ్లకి ఎక్కువ. కొందరికైతే ఆఫ్టర్ షేవ్ మానేసినా తగ్గలేదు. ఎండ అంటేనే పడని చర్మం మిగిలింది. ఇంకో పక్క, ఎలుకలకి ఎక్కువ మోతాదులో తినిపిస్తే వాటి వెనక కాళ్లు బలహీనపడ్డాయి, నరాలు దెబ్బతిన్నాయి. 1987లో జపాన్ నుంచి వచ్చిన ఒక రిపోర్ట్‌లో అగరుబత్తిలో ఉన్న మస్క్ ఆంబ్రెట్ వల్లే చర్మం నల్లబడిందని తేలింది. చివరికి యూరప్ 1995లో దాన్ని కాస్మెటిక్స్‌లో నిషేధించింది. బౌర్ రోజుల నుంచి లెక్కేస్తే వందేళ్లు.

ఏఈటీటీ అని ఇంకొకటి ఉంది. పేరు పూర్తిగా చెప్తే నా నాలుక మడత పడుతుంది, వదిలేయండి. 1955 నుంచి ఇరవై ఏళ్లకు పైగా సబ్బులు, లోషన్ల వాసనల్లో వాడారు. ఎలుకల మీద పరీక్షిస్తే వాటి చర్మం, లోపలి అవయవాలు నీలంగా మారాయి, మెదడులో నరాల పొర ఊడిపోయింది. 1970ల చివర్లో కంపెనీలే వెనక్కి తీసుకున్నాయి. పెద్ద హడావుడి ఏమీ జరగలేదు. కొన్నవాడికి అది తన సబ్బులో ఉన్నట్టే తెలీదు కదా, దేని మీద గొడవ చేస్తాడు?

ఎందుకు తెలీదు? అమెరికాలో 1966 నాటి లేబుల్ చట్టం కింద కాస్మెటిక్స్‌లో ఏముందో రాయమన్నారు. కానీ సువాసన మిశ్రమం వ్యాపార రహస్యం, కాబట్టి "ఫ్రాగ్రెన్స్" అని ఒక్క ముక్క రాస్తే చాలన్నారు. ఆ ఒక్క మాట వెనక పది పదార్థాలుండొచ్చు, వందుండొచ్చు. నేను మా ఇంట్లో ఐదు బాటిళ్లూ తిప్పి చూశాను. ఐదింటి మీదా అదే మాట, లేదంటే "పెర్ఫ్యూమ్".

ఆ మాట వెనక తరచుగా ఉండేది డైఈథైల్ థాలేట్. దీనికి సొంత వాసన దాదాపు లేదు. వాసనని పట్టి ఉంచి త్వరగా ఎగిరిపోకుండా చూస్తుంది. ఇంకో పని కూడా ఉంది. సెంటులో వాడే ఆల్కహాల్‌ని ఎవరూ తాగకుండా చేదు చేయడానికి కలుపుతారు.

ఇక్కడే నా లిస్ట్ కథలోకి వస్తుంది. 2005లో హార్వర్డ్ పరిశోధకులు ఒక స్టడీ ప్రచురించారు. బోస్టన్‌లో సంతానం కోసం క్లినిక్‌కి వచ్చిన 406 మంది మగవాళ్లు. వాళ్లని అడిగింది ఒక్కటే: గత 48 గంటల్లో ఏం వాడారు? కొలోన్, ఆఫ్టర్ షేవ్, డియో, లోషన్, హెయిర్ జెల్. నా ఐదే! చదువుతుంటే ఎవరో నా బాత్రూమ్‌లోకి తొంగి చూసినట్టు అనిపించింది. మూత్రం పరీక్షిస్తే, కొలోన్ గానీ ఆఫ్టర్ షేవ్ గానీ వాడినవాళ్లలో ఆ థాలేట్ ఆనవాళ్లు సుమారు రెట్టింపు, అంతకంటే ఎక్కువ. వాడే రకం ఒక్కొక్కటి పెరిగేకొద్దీ 33 శాతం చొప్పున పెరిగాయి. అంతకు రెండేళ్ల ముందు అదే బృందం 168 మందిని చూసి, ఈ ఆనవాళ్లు ఎక్కువున్నవాళ్ల వీర్యకణాల్లో డీఎన్‌ఏ దెబ్బతినడం కూడా ఎక్కువుందని రాసింది.

కంగారు పడకండి. నేను పడ్డాను, రాత్రి రెండింటి దాకా పేపర్లు చదివాను, అందుకే చెప్తున్నా. రెండూ కలిసి కనిపించడం వేరు, ఒకదానివల్ల ఇంకోటి రావడం వేరు. ఒక్కరోజు మూత్రం చూసి మనిషి జీవితం చెప్పలేం. యూరప్ 2004లో డీబీపీ, డీఈహెచ్‌పీ అనే రెండు థాలేట్లని కాస్మెటిక్స్‌లో నిషేధించింది గానీ, ఈ డైఈథైల్‌ని వాడుకోవచ్చనే అంది. కాబట్టి "డియో కొడితే పిల్లలు పుట్టరు" అని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నా వీడియో పేరు చెప్పొద్దు ప్లీజ్.

నాకు కోపం తెప్పించింది వేరే. నిర్ణయం నాది కావాలంటే సమాచారం నా దగ్గరుండాలి కదా. యూరప్‌లో 2005 నుంచి అలర్జీ రేపగల 26 సువాసన పదార్థాల్ని లేబుల్ మీద విడిగా రాయాల్సి వచ్చింది. అందులో మన పెర్కిన్ గారి కుమారిన్ కూడా ఉంది, పుట్టిన 137 ఏళ్లకి సీసా మీద దాని పేరు తప్పనిసరి అయింది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ థాలేట్ ఒంట్లో పేరుకుపోదు, చాలావరకు ఒకట్రెండు రోజుల్లో మూత్రంలో వెళ్లిపోతుంది. 2016లో కాలిఫోర్నియాలో వంద మంది టీనేజ్ అమ్మాయిలకి మూడు రోజులు వేరే ప్రొడక్టులు ఇచ్చి చూస్తే, దీని ఆనవాళ్లు 27 శాతం తగ్గాయి.

లిస్ట్ తీసుకెళ్లి డాక్టర్ గారికి ఇచ్చాను. ఆవిడ చూసి నవ్వారు. "ముందు సిగరెట్ మానండి, నిద్ర సరిచేసుకోండి. ఇవి కూడా మూడు నెలలు ఆపండి, ఖర్చేం లేదుగా" అన్నారు. మూడు నెలలే ఎందుకంటే, కొత్త వీర్యకణాలు తయారవడానికి దాదాపు అంత టైమ్ పడుతుందట. ఐదు బాటిళ్లూ ఒక అట్టపెట్టెలో పెట్టి అటక మీద పెట్టాను. నాన్నకి ఫోన్ చేసి పటిక ఎక్కడ కొంటారని అడిగితే, "కిరాణా షాపులోరా, పది రూపాయలు" అని పెట్టేశారు. ఎందుకు అడిగానో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇవాళ్టికి పంతొమ్మిదో రోజు. మంట ఉంది, వాసన లేదు.

మీ దగ్గర పాత సెంటు సీసాలు, సెలూన్ జ్ఞాపకాలు ఏమైనా ఉంటే కామెంట్‌లో రాయండి. వచ్చే వారం తలకి వేసే రంగు కథ, 1863లో హాఫ్‌మన్ ల్యాబ్ నుంచి మొదలుపెడదాం. ఉంటాను.