స్తంభం ఎక్కకుండానే లైన్‌మన్ పాఠం

1889 అక్టోబరు 11న న్యూయార్క్ నడివీధిలో జాన్ ఫీక్స్ అనే లైన్‌మన్ కరెంటు తీగల్లో చిక్కుకుని, జనం చూస్తుండగానే కాలిపోయాడు. ఆ రోజుల్లో పని నేర్చుకోవాలంటే స్తంభం ఎక్కడమే. 1891లో సెయింట్ లూయిస్‌లో పుట్టిన విద్యుత్ కార్మికుల సంఘానికి తొలి అధ్యక్షుడైన హెన్రీ మిల్లర్ కూడా 1896లో షాక్ కొట్టి, పైనుంచి పడి చనిపోయాడు.

విమానం నడిపేవాళ్లకైతే ప్రమాదం లేకుండా నేర్చుకునేందుకు 1929లోనే ఎడ్విన్ లింక్ నేలమీది శిక్షణ యంత్రం తయారుచేశాడు.

కరెంటు పనివాళ్లు మాత్రం అలాంటి యంత్రం కోసం చాలాకాలం ఆగాల్సి వచ్చింది. 2010లో ఆటల కోసం వచ్చిన మైక్రోసాఫ్ట్ కినెక్ట్ కెమెరా మనిషి కీళ్ల కదలికలను పట్టగలిగింది. ఇలాంటి కెమెరాతో పనిచేసే శిక్షణ సిమ్యులేటర్‌లో గాలిలో చెయ్యి ఆడించి తెరమీది స్విచ్ ఆపాలి, టెస్టర్‌తో చూడాలి, ఎర్తింగ్ కట్టాలి, ఆ తర్వాతే తీగ ముట్టాలి. వరస తప్పినా ప్రాణం పోదు.

కానీ తీగ బరువు, రబ్బరు గ్లౌజుల బిగువు గాలిలో తెలియవు. తెర మీద నేర్చినవాణ్ని ముందు కరెంటు లేని స్తంభం ఎక్కించాకే లైన్ మీదకు పంపాలి.