తరవాణి కుండ నుంచి టీ గ్లాసు దాకా

నూరేళ్ల కిందట మన పల్లెల్లో పొద్దుటి పూట టీ లేదు. కోస్తా ఇళ్లలో తరవాణి కుండ ఉండేది. అన్నం వార్చిన గంజీ, బియ్యం కడిగిన నీళ్లూ అందులో పోస్తూ పులియబెట్టేవారు. ఆ పుల్లనీళ్లలో రాత్రి అన్నం నానేసి, తెల్లారి ఉల్లిపాయ నంజుకుని తిని పొలానికి పోయేవారు. ఉత్తరాంధ్రలో చోడి అంబలి, సీమలో రాగి అంబలి, తెలంగాణలో జొన్న అంబలి, వేసవి వస్తే ఊరంతా మజ్జిగ. ఇవన్నీ తాగేవే అయినా కడుపు నింపేవి, ఒంటికి పట్టేవి. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. పిండి పులిస్తే గింజలోని ఇనుమును బంధించే ఫైటేట్లు కొంత విరుగుతాయి. ఆ ఇనుము ఒంటికి మరికాస్త ఎక్కువగా అందుతుంది.

ఆ పొద్దుటి పూటలోకే టీ వచ్చి కూర్చుంది. దానంతట అది రాలేదు, పనిగట్టుకుని తెచ్చి మనకు అలవాటు చేశారు.

అస్సాం కొండల్లో సింగ్‌ఫో జాతివారు టీ ఆకును ఎన్నో తరాలుగా వాడుతూనే ఉన్నారు. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లండ్ వ్యాపారి ఆ మొక్కల ఆచూకీ పట్టాడు. అతనికి దారి చూపినవాడు మణిరామ్ దీవాన్. తర్వాతి కాలంలో సొంతంగా టీ తోటలు వేసిన తొలి భారతీయుడు ఈయనే. సిపాయిల తిరుగుబాటులో చేయి ఉందని 1858లో ఇంగ్లీషువాళ్లు ఆయన్ని ఉరితీశారు. 1833లో చైనా వ్యాపారం మీద గుత్తహక్కు పోయేసరికి ఈస్టిండియా కంపెనీ చూపు అస్సాం మీద పడింది. 1839 జనవరిలో అస్సాం టీ 8 పెట్టెలు లండన్ వేలంలో అమ్ముడుపోయాయి. ఆ ఏడాదే అస్సాం కంపెనీ పుట్టింది.

అడవి కొట్టి తోట వేయడానికి కూలీలు కావాలి. ఛోటా నాగపూర్ నుంచి, ఒడిశా నుంచి, మన గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి మనుషుల్ని ఒప్పంద కూలీలుగా తీసుకుపోయారు. వాళ్ల సంతతిలోని తెలుగువాళ్లు ఇప్పటికీ అస్సాం తోటల్లో ఉన్నారు. ఆ తోటల కూలీలకు ఉప్పు వేసిన టీ అలవాటైంది. ఎండలో చెమటోడ్చేవారికి ఉప్పు మంచిదన్నారు. తరాలు గడిచినా ఆ అలవాటు పోలేదు. తోట కార్మికుల్లో రక్తపోటు ఎక్కువగా ఉండటానికి అదనపు ఉప్పు ఒక కారణమని దిబ్రూగఢ్‌లోని వైద్య పరిశోధకులు తేల్చారు. టీ చరిత్రలో నన్ను అన్నిటికంటే బాధించే సంగతి ఇదే. మన గ్లాసులోకి ఆకు కోసి పంపిన చేతులకు దక్కింది ఆ ఉప్పు నీళ్లు.

మొదట్లో ఈ టీ అంతా ఓడలెక్కి పోయేది, దేశంలో తాగేవాళ్లు తక్కువ. 1903లో తోటల యజమానులే అడిగి మరీ ఎగుమతి టీ మీద సెస్సు వేయించుకున్నారు. ఆ డబ్బు టీ ప్రచారానికి. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి మిల్లుల్లో, గనుల్లో టీ దుకాణాలు పెట్టించారు. రైల్వే స్టేషన్లలో కప్పులు అందించారు. 1930ల ఆర్థిక మాంద్యంలో విదేశీ బేరం పడిపోయాక ప్రచారం మన ఊళ్ల మీదికి మళ్లింది. మనుషులు సరంజామా పట్టుకుని వీధుల్లోకి వచ్చి, టీ ఎలా కాచాలో చేసి చూపించారు, ఊరికే పోశారు. దేశభాషల్లో పోస్టర్లు, రేకు బోర్డులు వెలిశాయి. గాంధీ దీన్ని ఒప్పుకోలేదు. టీలోని టానిన్ ఒంటికి చెరుపని ఆయన ఆరోగ్యం మీద రాసిన పుస్తకంలో హెచ్చరించాడు. తోలు పదును చేయడానికి వాడేదీ ఆ జాతి పదార్థమే కదా అన్నది ఆయన వాదన. ఆయన మాట పూర్తిగా సరైంది కాకపోయినా, వేలు పెట్టి చూపిన చోటు మాత్రం సరైందే. ఆ సంగతికి వస్తాను.

పేదవాడి చేతికి టీ గ్లాసు వచ్చింది మాత్రం యంత్రం వల్ల. 1930 ప్రాంతంలో అస్సాంలోని అమ్‌గురి తోటలో విలియం మెకెర్చర్ ఆకును నలిపి, చింపి, చుట్టే యంత్రం తయారుచేశాడు. దాని నుంచి వచ్చే గుండ్రటి పలుకులే ఇవాళ మనం వాడే సీటీసీ టీ పొడి. ఇది చప్పున దిగుతుంది, పాలు పోసినా రంగు చావదు, తక్కువ పొడితో ఎక్కువ గ్లాసులొస్తాయి. స్వాతంత్ర్యం తర్వాత ఈ పొడి దేశమంతా పాకింది. ప్రచారకులు నేర్పిన పద్ధతిని మనవాళ్లు పక్కనపెట్టి పాలు, పంచదార, అల్లం, యాలకులు వేసి మరిగించడం మొదలుపెట్టారు. హైదరాబాదులో ఇరానీ హోటళ్లవారు డికాక్షన్ విడిగా, పాలు విడిగా కాచి కలిపి తమ చాయ్‌ని నిలబెట్టారు. ఇవాళ దేశంలో పండే టీలో దాదాపు ఐదింట నాలుగు వంతులు మనమే తాగుతున్నాం.

ఇక ఒంటి సంగతి. నీలగిరి టీ తోటల నడుమ ఉన్న కూనూరులో 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు ఒక చిన్న పరిశోధనశాల పెట్టాడు. ఆయన ఎలుకల్లో ఒక గుంపుకు సిక్కుల తిండి పెట్టాడు: గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పులు, పచ్చి కూరలు. ఇంకో గుంపుకు ఇంగ్లండు పేదల తిండి: తెల్ల రొట్టె, మార్గరిన్, డబ్బా మాంసం, చవక జామ్, పంచదార వేసిన టీ. మొదటి గుంపు నిగనిగలాడుతూ పెరిగింది. రెండో గుంపు గిడసబారింది, చివరికి అందులో బలమైనవి బలహీనమైనవాటిని చంపి తిన్నాయి. ఈ పాపం టీ ఒక్కదానిది కాదు. అసలు తిండి ఉండాల్సిన చోట టీ, పంచదార, తెల్ల రొట్టె కూర్చోవడమే దోషం. పొద్దున్నే టీలో నాలుగు బిస్కెట్లు ముంచుకు తిని బడికి పోయే పిల్లవాణ్ణి చూసినప్పుడల్లా నాకు ఆ రెండో గుంపే గుర్తొస్తుంది.

ఆ కూనూరు పరిశోధనశాలే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఇక గాంధీ ఎత్తిన టానిన్ల సంగతి. దాన్ని ప్రయోగాలతో తేల్చింది దక్షిణాఫ్రికా పరిశోధకులు. శాకాహారపు ఇనుముతో టీలోని టానిన్లు కలిస్తే కరగని పదార్థంగా మారి ఒంటికి అందదని 1975లో ప్రకటించారు. వండిన మాంసంలోని రక్తపు ఇనుముకు మాత్రం ఈ బాధ లేదు. 1999లో వచ్చిన మరో పరిశోధనలో రొట్టెతో పాటు కడక్ టీ తాగితే ఇనుము అందడం 79 నుంచి 94 శాతం దాకా పడిపోయింది. పాలు పోసినా పెద్ద తేడా రాలేదు. అంటే పాలు పోసుకున్నాం కాబట్టి ఫరవాలేదన్న మన ధీమాకు ఆధారం లేదు. భోజనానికీ టీకీ గంట ఎడం ఇస్తే ఈ నష్టం బాగా తగ్గుతుందని 2017లో బ్రిటన్ మహిళలపై జరిగిన ప్రయోగం చూపింది.

ఇప్పుడు మన ఇళ్లవైపు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, పేదరికం, తిండిలో ఆకుకూర, మాంసం కొరత వాటిలో ముందుంటాయి. అయితే అసలే తక్కువగా దొరికే ఇనుమును టిఫిన్ పక్కనే ఉన్న టీ గ్లాసు ఇంకా తగ్గిస్తోంది. మాంసం దండిగా తిని రక్తం బాగా ఉన్న మనిషికి ఇది పెద్ద లెక్క కాదు. ఆకుకూర, పప్పు, రాగుల మీదే ఆధారపడే ఆడవాళ్లకే దెబ్బ.

పంచదార సంగతీ మరవకూడదు. గ్లాసుకు రెండు చెంచాలంటే దాదాపు 10 గ్రాములు. మూడు గ్లాసులకు 30. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మరీ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. టీతోనే ఆ గీత దాటేస్తున్నాం.

టీ మానేయమని నేను అనను. కష్టజీవికి అది ఇచ్చే ఊరట చిన్నది కాదు. మరిగించిన నీళ్లు తాగే అలవాటు చేసిన మేలూ ఉంది. కానీ ఈ అలవాటును మనకు ముప్పై నలభై ఏళ్లు కూర్చుని నేర్పారు, దాని వేళను మార్చుకోవడం మన చేతిలో ఉన్న పని. భోజనానికి ముందు గంట, తర్వాత గంట టీ, కాఫీ వద్దని 2024లో జాతీయ పోషకాహార సంస్థ తన ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది. పొద్దుటి పూట అంబలికో, చద్దన్నం మజ్జిగకో తిరిగి చోటివ్వండి. మీ ఇంట్లో ఐరన్ మాత్రలు వాడే గర్భిణి గానీ, బడికి పోయే ఆడపిల్ల గానీ ఉంటే ఈ రోజే చెప్పండి: ఆ మాత్రను టీతోనూ పాలతోనూ వేసుకోవద్దని, నిమ్మరసం పిండిన నీళ్లతో వేసుకోమని, టీ ఆ తర్వాత కనీసం గంట ఆగి తాగమని.