ఇనుప ముక్కకు నేరం ఉంటుందా? తాళం, కొలిమి, కావలి సెటిల్‌మెంట్

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న ఇనుప ముక్క గురించి చెప్పుకుందాం. తాళంచెవి లేకుండా తాళం తీసే సన్నటి కొక్కెం.

దీని తయారీలో మాయేమీ లేదు. ఉక్కుని కొలిమిలో ఎర్రగా కాలుస్తారు. వేడి మీదే కావలసిన ఒంపు తెస్తారు. సుమారు 770 డిగ్రీలు దాటితే అయస్కాంతం కూడా దాన్ని అంటుకోదు. మరికాస్త కాల్చి నీళ్ళలోనో నూనెలోనో ముంచితే గట్టిపడుతుంది. కానీ పెళుసు, వంచితే విరిగిపోతుంది. అందుకే మళ్ళీ కొద్దిగా వేడి చేస్తారు. 220, 230 డిగ్రీల దగ్గర గడ్డి రంగు వస్తుంది, 300 దగ్గర నీలం. నీలం దాకా వచ్చిన ముక్క వంగినా విరగదు, స్ప్రింగులా వెనక్కి వస్తుంది. మన ఊరి కమ్మరి కొడవలికీ, ఉలికీ చేసే పని కూడా ఈ కోవలోదే. రంగు చూసి వేడి చెప్పగలగడమే ఆయన చదువు.

అంటే కొలిమిలో నేరం లేదు. మరి నేరం ఎక్కణ్ణుంచి వచ్చింది?

1851లో లండన్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. అక్కడికి అమెరికా నుంచి హాబ్స్ అనే తాళాల వ్యాపారి వచ్చాడు. ఎవరూ తీయలేరని పేరున్న బ్రామా తాళాన్ని సొంత పరికరాలతో తీశాడు. దాదాపు 51 గంటలు పట్టింది. ఆయన్ని జైల్లో పెట్టారా? లేదండీ, 200 గినీల బహుమతి ఇచ్చారు!

సరిగ్గా 20 ఏళ్ళకి, 1871లో, అదే బ్రిటిష్ పాలన మన దేశంలో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911లో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఈ చట్టం కింద ఒక తెగని నేరస్థ తెగగా ప్రకటిస్తే చాలు, అందులో పుట్టినవాళ్ళందరి మీదా అనుమానమే. చేతిలో పరికరం ఉందా లేదా అన్నది కాదు, ఏ ఇంట్లో పుట్టావన్నదే ప్రశ్న.

ఇప్పుడు మన నెల్లూరు తీరానికి వద్దాం. ఎరుకలవాళ్ళలో చాలామంది ఒకప్పుడు కోస్తా ఉప్పుని ఎద్దుల మీదా, గాడిదల మీదా వేసుకుని లోపలి ఊళ్ళకు తీసుకెళ్ళి, ధాన్యానికి మార్చుకునేవాళ్ళు. సర్కారు ఉప్పు విధానం ఒకవైపు, రైలు మరోవైపు ఆ బతుకుతెరువుని దెబ్బతీశాయి. పని పోయి తిరుగుతున్నవాళ్ళని పోలీసులు దొంగలన్నారు.

అలాంటివాళ్ళ కోసమే కావలిలో సెటిల్‌మెంట్ పెట్టారు. నడిపింది అమెరికన్ బాప్టిస్ట్ మిషన్. బాపట్ల దగ్గర స్టువర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. సెటిల్‌మెంట్ అంటే ఏంటనుకున్నారు? హాజరు పలకాలి, బయటికెళ్ళాలంటే పాసు ఉండాలి, చెప్పిన పని చెయ్యాలి. సంస్కరణ అన్నారు గానీ, ఏ నేరమూ చేయనివాడికి కూడా అదే కట్టుబాటు.

మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. చట్టం పోయింది సరే, మాట పోయిందా? ఇవాళ్టికీ ఊరి పేరు చెబితే ఎగాదిగా చూసేవాళ్ళున్నారు.

హాబ్స్‌కి బహుమతి, మనవాళ్ళకి పాసు. కొలిమిలో కాల్చిన ముద్ర ఉక్కు మీద ఉంటుంది, ఈ చట్టం కాల్చిన ముద్ర మాత్రం పసిపిల్లల మీద పడింది. దాన్ని చెరపాల్సింది వాళ్ళు కాదండీ, మనం.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.