తుంగముస్తలు

‘తుంగముస్తలు’ అనే సమాసంలో మొదటి పదం కన్నడ ‘తుంగె’కు తోబుట్టువైన దేశ్యం కాగా, రెండవది అదే మొక్కకు సంస్కృతం పెట్టిన ‘ముస్తా’ అనే పేరు. తెలుగు వాడుకలో మాత్రం తుంగ అంటే మొక్క అనీ, ముస్తలు అంటే నేలలో పెరిగే దాని సువాసనగల నల్లని దుంపలనీ అర్థాలు వేరుపడ్డాయి. 1753లో లిన్నేయస్ సైపరస్ రోటండస్ అని నామకరణం చేసిన ఈ మొక్క గడ్డిని పోలినా గడ్డి కాదు, దాని కాడ మూడు పలకలుగా, లోపల నిండుగా ఉంటుంది. పైభాగాన్ని పీకినా దుంపల గొలుసు మట్టిలో మిగిలి మళ్లీ మొలకెత్తడం వల్ల రైతుకు ఇది మొండి కలుపు అయితే, ఆయుర్వేదానికి అవే దుంపలు జ్వరానికీ అజీర్ణానికీ విలువైన ఔషధం. మడుగుల్లో ముస్తలను పెళ్లగించే అడవిపందులను కాళిదాసు శాకుంతలంలో ప్రస్తావించాడు. చాపలల్లే తుంగ మాత్రం ఈ మొక్క కుటుంబంలోనిదే అయినా, దీనికంటే పొడవైన కాడలున్న వేరే జాతి.